ఒంటి మీది చరిత్ర – 9: బంగారం కరిగింది, బూరుగు నిలిచింది

గత వారం ముక్కుపుడక దగ్గర ఆగాం. ఈ వారం తల వెనక్కి వెళ్దాం. తెలుగింటి నగల్లో పెట్టుకున్న మనిషి తన కళ్లతో తాను చూసుకోలేని నగ ఒకటుంది. నడినెత్తి దగ్గర మొదలై నడుం కింద దాకా దిగుతుంది. నడిస్తే ఊగుతుంది, తల తిప్పితే వెంట తిరుగుతుంది. అదే జడ నగ.

పాతకాలపు కాసులపేరు ఉందా అని ఏ ఊళ్లో అడిగినా పెట్టె తెరిచి చూపించేవాళ్లు దొరుకుతారు. కంటె, నాను, వంకీ చూపించేవాళ్లూ దొరుకుతారు. నిండు బంగారు జడ చూపించేవాళ్లు మాత్రం చాలా అరుదు. ‘‘మా నానమ్మకు ఉండేదట, అత్త పెళ్లికి కరిగించేశారట’’ అనే మాటే ఎక్కువగా వినిపిస్తుంది.

అయినా ఆ నగ ఎలా ఉంటుందో తెలియని తెలుగువాళ్లు లేరు. పీటల మీద కూర్చున్న పెళ్లికూతుర్ని వెనక నుంచి చూడండి. రాకిడి, నాగరం, జడబిళ్లలు, కుప్పెలు, కుచ్చులు అన్నీ వాటి వాటి చోట్ల ఉంటాయి. వస్తువు కరిగిపోయాక కూడా దాని రూపం చెక్కుచెదరకుండా ఎలా మిగిలింది? దాన్ని నిలబెట్టింది బంగారం కాదు. బంగారం కొనలేనివాళ్ల చేతుల్లోని కొయ్య, పువ్వు, రాగి రేకు. వాటిని మనం ‘ఉత్తుత్తి నగలు’ అని పక్కన పెట్టేశాం. ఈ వారం కథ వాటిదే.

పాపిట నుంచి కొస దాకా

ముందు నగను పై నుంచి కిందకు చూద్దాం. పాపిట వెంట సాగి నుదుటి మీదకు దిగేది పాపిటబిళ్ల. పాపిటకు ఒక పక్క సూర్యుడు, మరో పక్క చంద్రవంక. చెవి దగ్గర నుంచి జుట్టులోకి పోయే ముత్యాల వరసలు చెంపసరాలు. వీటిది అందం ఒక్కటే కాదు, పని కూడా ఉంది. బరువైన కమ్మలు, బుట్టలు చెవి తమ్మెను లాగేయకుండా ఆ బరువులో కొంత జుట్టు మీదకు మళ్లిస్తాయి.

తల వెనక గుండ్రంగా కూర్చునేది రాకిడి. దాని కింద, జడ మొదలయ్యే చోట పడగ విప్పి నిలిచేది నాగరం. పాము పడగ కొన్నిటికి ఒకటే ఉంటుంది, కొన్నిటికి మూడో ఐదో ఉంటాయి. అక్కడి నుంచి జడ పొడవునా జడబిళ్లలు. పైన పెద్దవి, కిందకు పోయేకొద్దీ చిన్నవి. జుట్టు సన్నబడే తీరునే నగా అనుసరిస్తుంది. కొసన గంట ఆకారంలో జడకుప్పెలు, వాటి నుంచి వేలాడే పట్టు కుచ్చులు.

ఇందులో కంసాలి తెలివి ఒకటుంది. జడ మొత్తాన్ని ఒకే రేకుగా చేస్తే అది వంగదు. మెడ తిప్పినప్పుడల్లా వీపుకు గుచ్చుకుంటుంది. అందుకని ఏ బిళ్లకు ఆ బిళ్ల విడిగా చేసి, వెనక చిన్న చిన్న వంకీలు అతికి, వాటిలోంచి దారం పోనిచ్చి జడకు బిగిస్తారు. ముందు నుంచి చూస్తే ఎడం తెలియకూడదు, నడిచినప్పుడు ప్రతి ముక్కా కదలాలి. ఈ రెండూ కుదిరితేనే ఆ కంసాలికి పేరు.

అంత బరువును మోయడానికి జుట్టు కూడా అంత ఉండాలి. అది చాలనివాళ్లకు సవరం ఉండేది. దువ్వెనకు వచ్చిన వెంట్రుకలు పారేయకుండా చుట్టచుట్టి గోడ సందులోనో డబ్బాలోనో దాచి, కొంత పోగయ్యాక సవరం కట్టించుకోవడం మొన్నమొన్నటి దాకా మన ఇళ్లలో మామూలు. ముందు సవరం కలిపి జడ అల్లేవారు. తర్వాత నాగరం, ఆపైన బిళ్లలు, చివర కుప్పెలు. తల వెనక్కి చేతులు పోవు కాబట్టి ఈ నగ ఎవరికి వారు పెట్టుకునేది కాదు. అమ్మో, అక్కో, వదినో వెనక కూర్చోవాలి.

రాతిలో కొప్పు, కొలువులో జడ

మన నేల మీద తల నగలకు రెండు వేల ఏళ్ల సాక్ష్యం ఉంది. అమరావతి, నాగార్జునకొండ పలకల మీద స్త్రీల ఒంటి మీద బట్ట పలుచన, నగ దండి. పాపిట మీదుగా నుదుటికి దిగే బిళ్ల ఆ రాళ్లలోనే కనిపిస్తుంది. అమరావతి పలకల్లో చాలా భాగం ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనూ, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి. చదువుల్లోనూ ఈ నగలకు చోటుంది. అశోకవనంలో సీత హనుమంతుడి చేతికి ఆనవాలుగా ఇచ్చింది చూడామణినే. జుట్టులో పెట్టుకునే నగల పేర్లు అమరకోశంలో వరసగా ఉన్నాయి.

కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో కట్టించిన రామప్ప గుడిలో, చూరు కింద నల్లరాతి మదనికలు నిలబడి ఉంటాయి. తలకట్టు ఎలా తీర్చుకునేవారో తెలుసుకోవాలంటే వాటిని చుట్టూ తిరిగి చూడాలి. విజయనగర కాలానికి వస్తే లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీది రంగుల బొమ్మల్లో చీరల అంచులతో పాటు పూలు, నగలు తురిమిన పెద్ద కొప్పులు ఉన్నాయి. ఈ రాళ్లలో, రంగుల్లో ఎక్కువగా కనిపించేది కొప్పే.

1520 ప్రాంతంలో కృష్ణదేవరాయల రాజధానికి వచ్చిన పోర్చుగీసువాడు డొమింగో పేస్ మహానవమి ఉత్సవాలను చూసి రాసిపెట్టాడు. రాణివాసపు స్త్రీలు తల మీద ఎత్తయిన టోపీలు పెట్టుకుని, వాటికి పెద్ద పెద్ద ముత్యాలతో చేసిన పువ్వులు గుచ్చుకున్నారని చెప్పాడు. ఒంటి మీది బంగారం, రాళ్ల బరువుకు తట్టుకోలేకపోతే పక్కనున్నవాళ్లు చేతులు పట్టి నడిపించారని కూడా రాశాడు. ఆ వైభవం తర్వాత ఎన్నాళ్లో నిలవలేదు. 1565లో తళ్లికోట యుద్ధం ఓడిపోయాక రాజధాని కొల్లపోయింది. అంత బంగారంలో ఎంత కరిగిందో, ఎవరి ఖజానాల్లో నాణేలైందో ఊహించుకోవలసిందే.

తర్వాత తెలుగు కొలువు దక్షిణానికి, తంజావూరుకు జరిగింది. రఘునాథ నాయకుడు, విజయరాఘవ నాయకుడు ఏలిన పదిహేడో శతాబ్దంలో ఆ ఆస్థానం తెలుగు యక్షగానాలతో మారుమోగింది. రామభద్రాంబ, రంగాజమ్మ వంటి విదుషీమణులు అక్కడే కావ్యాలు రాశారు. నాట్యం పెరిగినచోట నాట్యకత్తె నగలూ పెరిగాయి. ఆడే మనిషి అస్తమానం చూసేవాళ్లకు ఎదురుగానే ఉండదు. తిరుగుతుంది, వెనుదిరిగి నిలబడుతుంది. అప్పుడు చూసేవాళ్ల కళ్లు పడేది జడ మీదే. అందుకే గుళ్లలోనూ కొలువుల్లోనూ ఆడే స్త్రీలకు నిండు జడ నగ తప్పనిసరి అలంకారం అయింది. కలిగినవాళ్ల ఇళ్లలో అది పెళ్లికూతురి నగ కూడా.

కుంపటి దగ్గర

బంగారు జడ చేసే తీరు తెలిస్తే అది ఎందుకు మిగల్లేదో కూడా తెలుస్తుంది.

కంసాలి ముందు మేలిమి బంగారాన్ని పలచటి రేకుగా సాగగొడతాడు. ఆ రేకును అచ్చులో పెట్టి మెల్లగా కొడుతూ బిళ్ల ఆకారం తెస్తాడు. ముందువైపు ఒక రేకు, వెనకవైపు ఒక రేకు, మధ్యలో డొల్ల. ఆ డొల్లలో కరిగించిన లక్క పోస్తాడు. లక్క చల్లారి గట్టిపడ్డాక బిళ్ల గట్టి ముద్దలా నిలుస్తుంది. నొక్కితే సొట్టపడదు. మొత్తం బంగారంతోనే చేసి ఉంటే ఎంత బరువుండేదో అందులో కొద్ది పాలు బరువుతోనే పని అయిపోతుంది. ఇక రాళ్లు. కెంపు, పచ్చ, రవ్వ ఒక్కొక్కదాన్ని దాని గూట్లో కూర్చోబెడతారు. రాయి అడుగున మెరుపు కోసం తళుకు రేకు వేస్తారు. చుట్టూ వెంట్రుకంత సన్నటి మేలిమి రేకులు పెట్టి, మొనదేలిన పనిముట్టుతో అదుముతూ రాయిని బిగిస్తారు. ఇదే కుందనం పని. మేలిమి బంగారం మెత్తన కాబట్టి మంట లేకుండా, ఒట్టి ఒత్తిడితోనే అతుక్కుపోతుంది.

అంత ఓపిగ్గా చేసిన నగను విప్పడం తేలిక. రాళ్లు ఊడదీసి వాటికి వేరే బేరం పెడతారు. లక్కను కాల్చేస్తారు. మిగిలిన పలచటి రేకుల్ని మూసలో వేసి కుంపటి మీద పెట్టి, ఊదుగొట్టంతో ఊదితే ఇట్టే కరిగిపోతాయి. కాసులపేరును విప్పితే ఏ కాసుకు ఆ కాసుకు విలువ ఉంటుంది. గాజు చెల్లెలి చేతికీ సరిపోతుంది, కూతురి చేతికీ సరిపోతుంది. జడ అలా కాదు. అంత పొడవు జుట్టు ఉన్న మనిషి, అంత పెద్ద శుభకార్యం, వెనక కూర్చుని కట్టే చేతులు అన్నీ కుదిరితేనే అది పెట్టె దాటి బయటికి వస్తుంది. ఇంట్లో డబ్బు అవసరం పడితే మొదట చేయి పడేది అలాంటి నగ మీదే.

కరిగిన కాలాలు

ఇరవయ్యో శతాబ్దంలో ఆ అవసరాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి.

1921 వసంతంలో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగు చేయాలని అక్కడే తీర్మానించారు. గాంధీజీ ఆంధ్రలో ఏ ఊరు వెళ్లినా ఆడవాళ్లు ఒంటి మీది నగలు తీసి ఇచ్చారు. కాకినాడలో అప్పటికి చిన్నపిల్లగా ఉన్న దుర్గాబాయి పట్టుబట్టి దేవదాసీ స్త్రీలకూ, ఘోషా స్త్రీలకూ గాంధీజీ మాట వినే అవకాశం కల్పించింది. గాంధీజీకి సమర్పించాల్సిన 5,000 రూపాయలు దేవదాసీలే కూడబెట్టారు. ఆ సభలో నగలు విప్పి ఇచ్చినవాళ్లలో దుర్గాబాయి కూడా ఉంది. తన గాజులు ఇచ్చేసింది. ఇష్టంతో ఇచ్చిన బంగారం అది. దాని మీద మనకు గర్వం ఉండాలి.

ఆ తర్వాతి దశాబ్దంలో పోయిన బంగారం అలాంటిది కాదు. 1929లో మొదలైన ప్రపంచ ఆర్థిక మాంద్యంలో పంటల ధరలు కుప్పకూలాయి. శిస్తు మాత్రం తగ్గలేదు, అప్పుల వడ్డీ ఆగలేదు. 1931 సెప్టెంబరులో బ్రిటన్ బంగారు ప్రమాణాన్ని వదిలేయడంతో బంగారం ధర పెరిగింది. అప్పుల్లో ఉన్న రైతుకు ఇంట్లో అమ్మడానికి మిగిలింది ఆడవాళ్ల నగలే. దేశం నలుమూలల నుంచీ అలా అమ్మిన నగలు కడ్డీలై ఓడలెక్కాయి. బంగారం దిగుమతికి పేరుపడ్డ భారతదేశమే ఆ ఏళ్లలో బంగారం ఎగుమతి చేసింది. దాన్ని ఆనాడే ‘కష్టకాలపు బంగారం’గా లెక్కకట్టారు.

1947లో మద్రాసు రాష్ట్రం దేవదాసీ అంకిత నిషేధ చట్టం చేసింది. డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి ఏళ్ల తరబడి చేసిన పోరాటానికి వచ్చిన ఫలం అది. చిన్నపిల్లలను గుడికి ఒప్పగించే ఆచారం పోవలసిందే, పోయింది. కానీ ఆ కుటుంబాలకు రాబడి పోయింది, మాన్యాలు పోయాయి. తరాలుగా దాచుకున్న నాట్యపు నగలు తాకట్టుకూ, అమ్మకానికీ వెళ్లాయి. అంతకు ముందే బెంగళూరు నాగరత్నమ్మ తన నగలను, ఆస్తిని ధారపోసి తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి మందిరాన్ని నిలబెట్టింది. కళను నమ్ముకున్న ఒక స్త్రీ నగ ఎక్కడికి చేరగలదో చూపించిన గొప్ప మనిషి ఆమె.

చివరి దెబ్బ 1963 జనవరిలో పడింది. చైనాతో యుద్ధం ముగిసిన కొద్ది వారాలకే, మొరార్జీ దేశాయి ఆర్థిక మంత్రిగా ఉండగా బంగారం నియంత్రణ నిబంధనలు వచ్చాయి. 14 క్యారెట్లకు మించిన స్వచ్ఛతతో కొత్త నగ చేయకూడదన్నారు. 14 క్యారెట్లంటే వందకు 58 పాళ్ల బంగారం, మిగతాది రాగీ వెండీ. ఆ మిశ్రమం గట్టిది. మేలిమి మెత్తదనం లేనిదే కుందనం పని సాగదు. అంటే ఒక్క ఆజ్ఞతో జడ నగ చేసే పద్ధతికే తాళం పడినట్టయింది. దేశమంతటా స్వర్ణకారులు పనిలేక రోడ్డున పడ్డారు. కొందరు ఆత్మహత్యలు కూడా చేసుకున్నారు. 1966లో 14 క్యారెట్ల ఆంక్ష తీసేసినా, 1968లో బంగారం నియంత్రణ చట్టం వచ్చింది. అది 1990 దాకా అమల్లో ఉంది. ఒక తరం కంసాలి పిల్లలు ఆ మధ్యలో కుంపటి వదిలి వేరే పనులకు వెళ్లిపోయారు.

తెర మీద పడిన జడ

బంగారం ఇలా కరుగుతూ ఉండగా, కృష్ణాజిల్లా మొవ్వ పక్కన ఒక ఊళ్లో ఆ జడను చెక్కుచెదరనివ్వకుండా మగవాళ్లు కాపాడారు. ఆ ఊరు కూచిపూడి. సిద్ధేంద్రయోగి భామాకలాపమనే నృత్యనాటకాన్ని అక్కడి బ్రాహ్మణ కుటుంబాల చేతిలో పెట్టి, ఊళ్లో పుట్టిన ప్రతి మగవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని మాట తీసుకున్నాడని చెబుతారు. గోల్కొండ తానీషా అగ్రహారం ఇచ్చాడని కూడా ఆ ఊరి నమ్మకం.

భామ ప్రవేశం ఎలా ఉండేదో చూడండి. ఇద్దరు మనుషులు అటూ ఇటూ నిలబడి తెర పడతారు. కాగడాల మీద గుగ్గిలం పొడి విసిరితే భగ్గున మంట లేస్తుంది. ఆ వెలుగులో ముందుగా బయటికి వచ్చేది భామ ముఖం కాదు, జడ. తెర మీదుగా దాన్ని జనం వైపు వేస్తారు. పాండిత్యంలో, అభినయంలో నన్ను ఓడించగలవాళ్లు ఉంటే వచ్చి ఈ జడ కోయండి అనే సవాలు అది. జడ వేశాక వాదానికి ఎవరైనా లేవవచ్చు. లేచినవాడికి భామ జవాబు చెప్పి తీరాలి.

సవాలు నిలవాలంటే జడ నిండుగా ఉండాలి. ఊరూరా తిరిగి ఆడే కూచిపూడి భాగవతులకు బంగారం ఎక్కడిది? ఉన్నా దారిలో దొంగల భయం. పైగా రాత్రంతా ఆడే మనిషి మెడ అంత బరువు మోయలేదు. అందుకని వాళ్లు బూరుగు కొయ్యను ఎంచుకున్నారు. బూరుగు మెత్తన, తేలిక. ఆరిన ముక్క చేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. దానిలో రాకిడి, నాగరం, బిళ్లలు, భుజాల మీది నగలు, మెడలోవి అన్నీ చెక్కి, రంగువేసి, తళుకులు, అద్దం ముక్కలు అంటించేవారు. గుగ్గిలం మంట లేచినప్పుడు ఆ అద్దం ముక్కలన్నీ ఒక్కసారి మెరుస్తాయి. పగటి వెలుగులో కొయ్య, కాగడా వెలుగులో కెంపులు. ఆ వెలుతురులో బంగారపు జడ అయినా ఇంతకంటే బాగా మెరవదు.

ఈ కొయ్య నగకు ఇంకో బలం ఉంది. దాన్ని కరిగించడం కుదరదు, తాకట్టు పెట్టుకునేవాడు లేడు. పాడైతే పాతదాన్ని ఎదురుగా పెట్టుకుని కొత్తది చెక్కారు. భామ జడలో సూర్యుడెక్కడ, చంద్రుడెక్కడ, నాగం ఎక్కడ, ఏ భాగానికి ఏ అర్థం అని తండ్రి కొడుక్కి చెప్పవలసిందే, ఎందుకంటే సభలో ఎవరైనా అడగవచ్చు. అలా నగ రూపంతో పాటు నగ గురించిన చదువు కూడా బతికింది. కూచిపూడి కళాకారుడు వేదాంతం సత్యనారాయణశర్మ భామగా నడిచి వస్తుంటే ఆడవాళ్లే ఆ నడక చూసి నేర్చుకున్నారని చెప్పుకునేవారు. నాటకరంగం మీద స్థానం నరసింహారావు (1902–1971) శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామగా తెలుగు పట్టణాలన్నిటినీ కట్టిపడేశాడు. ఆడవాళ్ల ఒంటి మీంచి పోతున్న నగను వేషం కట్టిన మగవాళ్లు నిలబెట్టారు.

1963లో, అంటే కుందనం పనికి తాళం పడిన ఆ ఏడాదే, వెంపటి చినసత్యం మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ ప్రారంభించారు. అక్కడ నేర్చుకున్నవాళ్లలో ఎక్కువమంది అమ్మాయిలు. మగవాళ్ల దగ్గర దాచిన భామ జడ తిరిగి ఆడపిల్లల వీపు మీదకు వచ్చింది. నాట్యానికి కావలసిన నగలు తమిళనాడులో నాగర్‌కోయిల్‌లోని వడసేరిలో తయారవుతున్నాయి. అక్కడి పనివాళ్లు వెండి మీద బంగారు రేకు తాపి, ఎర్రరాళ్లు, పచ్చరాళ్లు పొదిగి చేసే ‘టెంపుల్ జ్యువెలరీ’కి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఈనాటి కూచిపూడి నర్తకి తల మీద చాలాసార్లు మెరిసేది అదే.

పువ్వులో దాచిన నమూనా

కూచిపూడి వేషం అందరిళ్లలో ఉండదు. అందరిళ్లలో ఉండేది పూలజడ. వేసవి వచ్చి మల్లెలు విరగబూశాయంటే ఆడపిల్లకు పూలజడ కుట్టవలసిందే. పేదింట్లో కూడా ఏడాదికి ఒక్కసారైనా ఆ ముచ్చట తీర్చేవారు.

కుట్టే తీరు చూస్తే అది ఎక్కడి నమూనాయో తెలిసిపోతుంది. జడ పొడవుకు సరిపడా అట్టముక్కనో, ఆరబెట్టిన అరటి దొప్పనో పైన వెడల్పుగా, కింద సన్నగా కత్తిరిస్తారు. విచ్చుకోని మల్లెమొగ్గల్ని ఒకే కొలతవి ఏరి, తడిగుడ్డలో ఉంచుతారు. సూదితో అడ్డవరసలుగా కుట్టుకుంటూ వస్తారు. రెండు అంచులా కనకాంబరం. నడుమ నడుమ కనకాంబరం, మరువంతో గుండ్రని బిళ్లలు, కిందకు పోయేకొద్దీ చిన్నవి. తల వెనక చామంతితో రాకిడి. మొగలిరేకులు దొరికే కాలంలో వాటిని సన్నగా మడిచి జడ పాయల్లో కుట్టేవారు. ఆ వాసన మర్నాటికి కూడా జుట్టు వదిలేది కాదు. కంసాలి చేసిన నగలో ప్రతి భాగానికీ ఇక్కడ ఒక పువ్వు ఉంది. అమ్మమ్మ చేతిలోంచి అమ్మ చేతిలోకి, అమ్మ చేతిలోంచి కూతురి చేతిలోకి ఆ నమూనా అలా దిగి వచ్చింది. ఎవరూ కాగితం మీద గీయలేదు.

పూలజడ సాయంత్రానికి వాడిపోతుంది కాబట్టి వెంటనే ఫొటో స్టూడియోకి తీసుకెళ్లేవారు. అక్కడో నిలువుటద్దం సిద్ధంగా ఉండేది. పిల్లను అద్దం ముందు నిలబెడితే ముఖమూ పడేది, వెనక జడా పడేది. మన గోడల మీద వెలిసిపోయిన ఆ నలుపు తెలుపు ఫొటోలే ఇవాళ పాతకాలపు జడల మీద మనకున్న అతి పెద్ద దస్తావేజు. ఏ మ్యూజియమూ పోగు చేయనంత సామగ్రి మన ఇళ్లలోనే ఉంది.

చిలకలపూడి పని

మూడో కాపరి మచిలీపట్నంలో ఉన్నాడు. అక్కడి చిలకలపూడి పేరు వింటే చాలామందికి గిల్టు నగలే గుర్తొస్తాయి. ‘చిలకలపూడి బంగారం’ అని చిన్నచూపుగా అనడం మనకు అలవాటు. ఆ పని చూసినవాళ్లు అలా అనరు.

రాగి రేకును కోసి ఉక్కు అచ్చుల మీద పోటువేసి ఆకారం తీస్తారు. ముక్కల్ని అతికి, ఆకురాయి పట్టి, నునుపు తేలుస్తారు. తర్వాత పైన బంగారపు పూత. ఆపైన రాళ్లు కూర్చడం, గొలుసులు అల్లడం, వంకీలు పెట్టడం. ఇందులో చాలా పని ఇళ్లలో ఆడవాళ్లే చేస్తారు. పూత మందమే నగ ఆయుష్షు. పలచగా ఉంటే కొన్ని నెలలకే రాగి బయటపడుతుంది, మందంగా వేస్తే ఏళ్ల తరబడి నిలుస్తుంది. పూత కింద ఉన్నది రాగే అయినా అచ్చు మాత్రం పాత కంసాలి అచ్చే. నాగరంలో పడగలు, రాకిడిలో రేకులు, బిళ్లల వరస అన్నీ తాతల నాటి కొలతల్లోంచి వచ్చినవి. బంగారం పని మూతపడిన కాలంలో ఎందరో స్వర్ణకారుల చేతులకు ఇలాంటి పనులే అన్నం పెట్టాయి. తర్వాత మచిలీపట్నం దగ్గర పోతేపల్లిలో ఈ నగల కోసం ప్రత్యేకంగా పారిశ్రామికవాడ కూడా పెట్టారు.

ఇవాళ పెళ్లికూతురి వెనక మెరిసే జడ చాలా చోట్ల ఈ రాగి జడే. అద్దెకు తెచ్చుకున్నదీ కావచ్చు. అందులో చిన్నతనం ఏమీ లేదు. ఒకప్పుడు దొరసానులకూ, గుడి నాట్యకత్తెలకూ, ధనవంతుల బిడ్డలకూ మాత్రమే దక్కిన నగ ఇప్పుడు వ్యవసాయ కూలీ కూతురికీ దక్కుతోంది.

మీ ఇంట్లో ఉంటే

పాత జడ నగ, ఒక్క రాకిడి అయినా, రెండు బిళ్లలైనా మీ పెట్టెలో ఉంటే దయచేసి కొన్ని జాగ్రత్తలు తీసుకోండి. పాత కుందనం, కెంపు నగలను నీళ్లలో కడగకండి. కుంకుడు రసం కూడా వద్దు. రాయి కింద ఉన్న తళుకు రేకుకు తడి తగిలితే నల్లబడుతుంది, మళ్లీ మెరవదు. పొడి నూలుగుడ్డతో తుడవండి చాలు. వేడి తగిలితే లోపలి లక్క మెత్తబడుతుంది, ఎండలో పెట్టకండి. ఒక్కో ముక్కను విడిగా మెత్తటి తెల్ల నూలుగుడ్డలో చుట్టండి. పెట్టుకునే రోజున నూనె, సెంటు, స్ప్రే అన్నీ ముందు అయిపోవాలి, నగ చివరికి రావాలి. పాత దారం కుళ్లి ఉంటుంది, అదే నమ్ముకోకుండా కొత్త పట్టుదారం గుచ్చించండి. పట్టు కుచ్చులు మాత్రం పాతవే ఉంచండి, వాటి రంగూ అల్లికా ఇప్పుడు దొరకవు.

కరిగించక తప్పని పరిస్థితి వస్తే, కరిగించే ముందు ముందువైపు, వెనకవైపు ఫొటోలు తీయండి. వెనకవైపు మరీ ముఖ్యం. వంకీలు ఎక్కడ అతికారో, రేకులు ఎలా కలిపారో చెప్పేది అదే. పక్కన కొలబద్ద పెట్టండి. ఎవరిది, ఏ ఊరిది, ఏ పెళ్లికి చేయించారు అన్నది పెద్దవాళ్లను అడిగి రాసిపెట్టండి. చిలకలపూడిలోనో మరోచోటో ఓ పనివాడు ఆ ఫొటో చూసి రాగిలో మళ్లీ దాన్ని చేయగలడు. బూరుగు కొయ్యలో భాగవతులు చేసింది అదే, మల్లెమొగ్గల్లో మన అమ్మమ్మలు చేసింది అదే. బంగారం ధర ఎవరూ ఆపలేరు. నమూనాను మాత్రం మనమే నిలపగలం, మనమే పోగొట్టగలం.

(వచ్చే వారం: నడుం చుట్టూ వడ్డాణం)